త్రీ నాట్ త్రీకి దర్జీ దొరికిన ఊరు

వాటర్లూలో ఉండే తెలుగువాళ్ళం ఉత్తరం వైపు కారు తిప్పితే అది ఎర్రబడిన మేపుల్ చెట్ల ముందు నిలబడి ఫొటోలు దిగడానికే. మేం బయలుదేరేసరికి ఆకులన్నీ రాలిపోయాయి. అక్టోబరు చివర్లో ఒక శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, డిక్కీలో తాళం వేసిన పొడుగాటి పెట్టె, వెనక సీట్లో పులిహోర డబ్బా పెట్టుకుని మేం వెళ్ళింది ఒక పాత మిలిటరీ తుపాకీని వేటకు పనికొచ్చేట్టు చేయించడానికి.

తుపాకీ నాది కాదు. నేను భీమవరంలో పుట్టి కూడా చేప ముట్టనివాణ్ణి, దోమను కొట్టాలన్నా చెయ్యి వెనక్కి లాగేవాణ్ణి. తుపాకీ మా ఆవిడ సుజాతది. ఆమెది ఆసిఫాబాద్ వైపు. ఇక్కడొక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తుంది. ఆమెతో పనిచేసే నర్సులు కొందరు ఏటా నవంబరులో పవాసన్ దగ్గరి అడవిలో చెక్క ఇల్లు తీసుకుని దుప్పుల వేటకు వెళతారు. ఈసారి సుజాతను కూడా పిలిచారు. ఒకే షరతు: ఎవరి తుపాకీ వాళ్ళే తెచ్చుకోవాలి, అది వాళ్ళ చేతికి అమరాలి.

మన దగ్గర దుప్పిని కొడితే జైలు. ఇక్కడ పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సీజనులో పర్మిటు జేబులో పెట్టుకుంటే కొట్టొచ్చు. సుజాత అవన్నీ చేసింది. ఆ పరీక్షకు ముందు చెప్పే కోర్సు మొదటిరోజు మాస్టారు ఆమెను చూసి, "మీవారు కారు పార్క్ చేస్తున్నారా?" అని అడిగాడట. నేను నిజంగానే పార్క్ చేస్తున్నాను. లోపలికి వచ్చి ఆమెకు గొడుగిచ్చి వెళ్ళిపోయాను.

రిటైరవుతున్న ఒక సహోద్యోగి తన పాత రైఫిల్‌ని పద్ధతి ప్రకారం ఆమె పేరుకు మార్పించి ఇచ్చాడు. పెట్టె తెరవగానే మా ఇద్దరికీ నవ్వొచ్చింది. మన పోలీస్ స్టేషన్లలో కానిస్టేబుళ్ళ భుజాన వేలాడే త్రీ నాట్ త్రీ! గొట్టం మూతిదాకా చెక్క తొడుగు, ఎత్తితే రోకలి బరువు. భుజానికి ఆనించే చెక్కని బట్ అంటారు కదా, అది సుజాతకు మరీ పొడుగు. గురి పెడితే ఆమె చెయ్యి ట్రిగ్గర్ దాకా పోదు, మెడ కొంగలా సాగుతుంది. ముందు చెక్క సగానికి కోసి, వెనక బట్ పొట్టి చేస్తే తప్ప వేట లేదు. సీజను ఇంకో వారంలో మొదలు. మా చుట్టుపక్కల తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్‌లందరిదీ ఒకే మాట: "సీజను అయ్యాక రండి." పెళ్ళయ్యాక రమ్మన్న దర్జీలాగా.

ఒరీలియా దాటాక

మొదటి ఆశ డగ్ అనే పెద్దాయన. ఇంటి వెనక షెడ్డులో పని. చలికి నీళ్ళు కారుతున్న కళ్ళతో, చాలా మర్యాదగా కాఫీ ఇచ్చాడు. గోడ నిండా మెడల్స్, పాత సైనికుల ఫొటోలు ఉన్నాయి. సుజాత తన కష్టం చెప్పుకుంది. ఆయన తలూపుతూ పెట్టె తెరిచి, లోపలి సంచీ జిప్పు కొంచెం లాగాడు. గొట్టం మూతి, దాని చుట్టూ ఉన్న చెక్క కనిపించాయి. అంతే, జిప్పు మళ్ళీ మెల్లిగా మూసేశాడు. చనిపోయినవాళ్ళ మొహం మీద దుప్పటి కప్పినట్టు.

"సైనికుడి తుపాకీని నేను కొయ్యను" అన్నాడు.

"కానీ ఇప్పుడిది నాది కదండీ" అంది సుజాత.

"నిజమే. కోసుకోవచ్చు కూడా. నా చేత్తో మాత్రం కాదు. మా నాన్న ఇలాంటిది మోసుకుంటూ సముద్రం దాటాడమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది. కోప్పడితే మనమూ కోప్పడొచ్చు. ఆయన మాకు ఇంట్లో చేసిన బటర్ టార్ట్‌లు కాగితంలో చుట్టి ఇచ్చి, కారుదాకా వచ్చి సాగనంపాడు. బటర్ టార్ట్ అంటే గిన్నెలా చేసిన చిన్న బిస్కెట్టులో బెల్లం పాకం పోసినట్టుంటుంది. కజ్జికాయకు మూత పెట్టడం మర్చిపోయినట్టు. రుచి మాత్రం అమోఘం.

"పాపం చేస్తున్ననా మురళీ?" అని అడిగింది సుజాత, కారు హైవే ఎక్కాక.

"ఆయన దృష్టిలో."

"నీ దృష్టిల?"

నాకు తుపాకీల మీద ఏ దృష్టీ లేదు. టార్ట్ నోట్లో పెట్టుకున్నాను.

హంట్స్‌విల్ దగ్గర

రెండో మనిషి పేరు ట్రెవర్. అతనికి చరిత్ర బాధలేమీ లేవు. మేం కారు దిగకముందే, "పావుగంట పని" అన్నాడు. గ్యారేజీలో బల్లమీద పడవ ఇంజను, కుర్చీలో పిల్లి, గోడకు రంపం. ఆ రంపంతోనే పొద్దున ఎవరింట్లోనో నీళ్ళ పైపు కోశానని గొప్పగా చెప్పాడు.

"గొట్టం కూడా కొంచెం పొట్టి చేసేద్దామా? అదే ఊపులో అయిపోతుంది."

సుజాత ముందు ఊ అనబోయింది. తర్వాత, "ఇంతకుముందు చేసినవి ఏమన్నా చూపిస్తారా?" అని అడిగింది. ట్రెవర్ మూల నుంచి ఒకటి తెచ్చాడు. అది తుపాకీలా లేదు. కాలు విరిగినవాళ్ళు చంకలో పెట్టుకునే కర్రలా ఉంది. సుజాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా అత్తయ్యకు ఫోన్ చేయాలనో ఏదో గొణిగి, నన్ను మోచేత్తో పొడిచింది. తుపాకీని కాపాడుకుని బయటపడ్డాం. హడావుడిలో నేను కారును అతని చెత్తడబ్బా మీదకి వెనక్కి పోనిచ్చాను. డబ్బాకు ఏమీ కాలేదు, మా బంపరుకే సొట్ట. ట్రెవర్ చెయ్యి ఊపాడు.

"చేతిపొడుగు అడగలే, భుజం చూడలే" అంది సుజాత రుసరుసలాడుతూ. "కొలత తీయకుంట కత్తెర పట్టెటోనికి నేను రైక గుడ్డ గూడ ఇయ్య."

నార్త్ బే: భావనాబెన్ మోటెల్

చీకటిపడే వేళకు నార్త్ బే చేరాం. సన్నటి మంచు మొదలైంది. మేం దిగిన మోటెల్ నడిపే ఆవిడ పేరు భావనాబెన్, ఊరు ఆణంద్. కౌంటర్ మీద వినాయకుడు, వినాయకుడి వెనక గోడమీద రెండు దుంగల మధ్య వేలాడుతున్న దుప్పితో నవ్వుతున్న వేటగాళ్ళ ఫొటోలు.

"మేం ఉల్లిపాయ కూడా తినం" అంది ఆవిడ, హిందీలో. "కానీ నవంబరు అంతా గదులు నింపేది వాళ్ళే. వెనక షెడ్డులో కొట్టిన దుప్పుల్ని వేలాడదీసుకోవడానికి దూలం కూడా వేయించాను. నేను మాత్రం ఆ కిటికీ తెరవను."

మాకు ఖిచిడీ పెట్టింది. పైన నెయ్యి కూడా వేసింది, డబ్బులివ్వబోతే నొచ్చుకుంది. వాటర్లూలో దొరికే ఏడు గిన్నెల థాలీ తిన్నా అంత తృప్తి కలగలేదు నాకు. తింటూ సుజాత తన గోడు వెళ్ళబోసుకుంది. ఒకాయన కొయ్యనన్నాడు, ఇంకొకాయన కొలవకుండా కోస్తానన్నాడు, రేపు కూడా దొరక్కపోతే వచ్చే ఏటి మాట.

భావనాబెన్ గరిటె దించి ఆలోచించింది. "ఘిస్లేన్ దగ్గరికి వెళ్ళండి. స్టర్జన్ ఫాల్స్ దాటాక. ఇదివరకు చర్చి బెంచీలు బాగుచేసేది, ఇప్పుడు తుపాకుల చెక్కపని. ఫోన్ ఎత్తదు. తలుపు కొట్టగానే ఫ్రెంచిలో బోంజూర్ అనండి. హలో అంటే మొహం మాడ్చుకుంటుంది."

ఆ రాత్రి సుజాత నిద్రపోయే ముందు అద్దం ముందు నిలబడి బోంజూర్ ప్రాక్టీసు చేసింది. ఆమె నోట్లో అది బోనాల జాతరలా పలికింది.

స్టర్జన్ ఫాల్స్ దాటాక

ఆ ఊళ్ళలో బోర్డులు ముందు ఫ్రెంచిలో, తర్వాత ఇంగ్లీషులో ఉంటాయి. ఘిస్లేన్ ఇల్లు రోడ్డుకి లోపలగా, వెనక ఖాళీ పొలం, దాని చివర మట్టిదిబ్బ. తలుపు తెరిచింది అరవై దాటిన మనిషి. నడుముకి తోలు ఏప్రన్, జుట్టు నిండా రంపపు పొట్టు.

"బోంజూర్!" అన్నాం ఇద్దరం ఒక్కసారే, స్కూలు పిల్లల్లా.

ఆవిడ నవ్వి, ఇంగ్లీషులోనే, "భావనా పంపిందా?" అంది.

తుపాకీ అడగలేదు. ముందు సుజాతను నిలబెట్టింది. బట్టలు కుట్టేవాళ్ళ టేపు తీసి మోచేతి వంపు నుంచి చూపుడువేలి దాకా కొలిచింది. కళ్ళు మూసుకోమని, చేతిలో చీపురుకట్ట పెట్టి, దుప్పి కనిపించినట్టు ఎత్తమంది. సుజాత ఎంత శ్రద్ధగా ఎత్తిందంటే ఘిస్లేన్ కుక్క బల్లకింద దూరింది. సుజాత నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది. దర్జీ దొరికిందన్నమాట.

తర్వాతే పెట్టె తెరిచారు. ఘిస్లేన్ బట్ మీద పెన్సిలుతో గీత గీసింది, ముందు చెక్క మీద ఇంకో గీత. గోడకున్న రంపం దించి బల్లమీద పెట్టింది. మరలు ఎక్కడున్నాయో చూడటానికి లోహం మీద మందంగా పట్టిన నల్ల రంగును ఏదో నూనెగుడ్డతో రుద్దసాగింది. రంగు ఊడి, కింద చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఆవిడ కళ్ళజోడు రంపపు పొట్టులో ఎక్కడో పోయింది. "నువ్వు చదువు" అని నాకు చూపించింది.

కిరీటం బొమ్మ. దాని కింద ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుంటూ చదివాను. "ఇషాపూర్."

"ఏందీ?" అంది సుజాత.

"ఇషాపూర్. కలకత్తా దగ్గరిది. ఇది మనది, సుజాతా. ఇండియాలో తయారైంది!"

"మీ ఊరా?" అంది ఘిస్లేన్ ఉత్సాహంగా.

"మా ఊరి నుంచి అది మీకు తూర్పు సముద్రపొడ్డున హాలిఫాక్స్ అంత దూరం" అన్నాను.

సుజాత వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాసింది. ఫోన్ తీసి ఫొటో కొట్టింది, ఎవరికో పంపింది. ఘిస్లేన్ రంపం అందుకుంది.

"ఆగండి" అంది సుజాత.

ఘిస్లేన్ ఆగింది. నేనూ ఆగాను. కుక్క కూడా తలెత్తింది.

"కొయ్యొద్దు" అంది. "నేనే తీసుకొచ్చిన, నేనే అడిగిన, తెలుసు. కానీ ఇప్పుడు కొయ్యొద్దు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోయమని ఇంత దూరం డ్రైవ్ చేయించి, కోసే మనిషి దొరికాక వద్దనడమేమిటి? "మరి సీజను?" అన్నాను తెలుగులో.

"తెల్వదు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా నాయిన చేతిల ఉన్నది గూడ గా ఊర్లదే అయ్యుంటది. ఎట్ల కోపియ్యాలె?"

వాళ్ళ నాయిన రిటైరైన హెడ్ కానిస్టేబుల్. చిన్నప్పుడు సుజాత స్టేషనుకు టిఫిన్ డబ్బా తీసుకెళ్ళినప్పుడల్లా గోడకు గొలుసుతో కట్టిన ఆ తుపాకీల వరస చూసేదట. ఒక్కసారి ముట్టుకోబోతే ఆయన వేసిన కేక ఇప్పటికీ చెవిలో ఉందంటుంది. లైసెన్సు సంగతి ఆయనకు చెప్పనే లేదు. ఫొటో ఆయనకే పంపిన ఆత్రంలో ఆ మాటే మర్చిపోయింది. ఫోన్ మోగింది. వీడియో కాల్.

"నాయిన" అని నా చేతిలో ఫోన్ పెట్టబోయింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

మామగారి విచారణ

బనియను వేసుకున్న మామగారు తెరమీద ప్రత్యక్షమయ్యారు. అక్కడ రాత్రి భోజనాలయ్యే వేళ.

"ఏందే ఇది?"

"తుపాకి, నాయినా."

"గది నాకు కండ్లకు కనపడ్తలేదా? ఎవలది?"

"నాదే."

ఆయన ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. వెనక ఎక్కడో టీవీ సీరియల్ వినబడుతోంది. నేను కెమెరాకు అందకుండా కుక్క వైపు జరిగాను.

"లైసెన్సున్నదా?"

"ఉన్నది."

"పరీక్ష రాసినవా?"

"రాసిన. పాసైన."

"దుప్పిని కొడ్తె గాడ కేసు గాదా?"

"సీజన్ల కాదు. పర్మిట్ తీసుకున్న."

"గట్లయితె మంచిదే" అన్నారు, కేసు కొట్టేసినట్టు. "భుజానికి గట్టిగ ఒత్తి పట్టుకో. లూజుగ పట్టుకుంటె గుద్దుతది. ట్రెయినింగుల నాకు వారం దాక ముద్ద ఎత్తరాలె. అల్లుడుగారేరి?"

నేను తల మాత్రం కనిపించేలా వంగి నమస్కారం పెట్టాను.

"మీరు దూరం నిలబడుండ్రి" అన్నారు గౌరవంగా.

సుజాత తన బాధ చెప్పింది. బట్ పొడుగైందని, కోయించబుద్ధి కావడం లేదని. ఆయన విసుక్కున్నారు. "కోసుడెందుకే? పొట్టోళ్ళకు పొట్టి బట్ ఉంటది. నాకు గదే ఇచ్చిండ్రు. లోపట పెద్ద బోల్టు ఉంటది, ఇప్పితె ఊడొస్తది. గా మేడమ్‌ను అడుగు."

అడిగాం. ఘిస్లేన్ చేతులు బార్లా చాపింది. "అవును, రకరకాల పొడుగుల్లో చేసేవాళ్ళు. నాకు తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు కోయమని వచ్చారు! కోయమన్నవాళ్ళకి కోస్తాను. జుట్టు కత్తిరించమని కూర్చున్నవాళ్ళని ఎందుకని అడుగుతామా?"

నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. పైనుంచి చెక్కముక్కలు దొర్లుతున్న చప్పుడు, ఫ్రెంచిలో తిట్లు. మామగారు లైనులోనే ఉండి, "దొరికిందా?" అని అడుగుతూ ఉన్నారు. చాలాసేపటికి ఆవిడ సాలెగూళ్ళతో దిగింది. ఒక చేతిలో పొట్టి బట్. ఇంకో చేతిలో ఎవరో ఎప్పుడో తమ తుపాకీకి సగానికి కోయించుకున్న ముందు చెక్క. ఇక్కడ ఒకప్పుడు సైన్యం వదిలేసిన తుపాకులను వేలంలో కొనుక్కుని అందరూ అలాగే కోయించేవారట. ఆ పాపమేదో పాతకాలంలోనే ఎవరో మూటగట్టుకున్నారు కాబట్టి, మేం కొత్తగా చేయాల్సింది లేదు.

కెమెరాకు చూపిస్తే మామగారు కళ్ళు చికిలించి చూశారు. "గదే!" అని ఫోన్ పెట్టేశారు.

అయితే ఒక తుపాకీ చెక్క ఇంకో తుపాకీకి ఊరికే అతకదు. లోపల గీకాలి, పెట్టి చూడాలి, మళ్ళీ గీకాలి. ఘిస్లేన్ సాయంత్రందాకా అదే పని. మధ్యలో మాకు బఠాణీ సూపు పెట్టింది. నేను శాకాహారినని చెబితే, "దీంట్లో మాంసం లేదు, హామ్ మాత్రమే" అంది. పంది తొడను మాంసం కింద లెక్కెయ్యరన్నమాట. నేను రొట్టె తిన్నాను. తర్వాత చక్కెర పై అనే తీపి ఇచ్చింది. బొబ్బట్టు లోపలి పూర్ణం ఒక్కటీ తీసి పళ్ళెంలో పోసినట్టుంది. రెండు ముక్కలు తిన్నాను. బదులుగా మా పులిహోర ఇద్దామని చూస్తే, డబ్బా నేలమీద ఖాళీగా ఉంది. కరివేపాకు మాత్రం ఏరి పక్కన పెట్టి, కుక్క మీసాలు నాక్కుంటోంది.

మట్టిదిబ్బ

ఆదివారం పొద్దున మళ్ళీ వెళ్ళేసరికి తుపాకీ బల్లమీద సిద్ధంగా ఉంది. పొట్టిగా, చురుగ్గా, మీసం తీసిన మనిషిలా. ఊడదీసిన అసలు చెక్కలను పాత దుప్పట్లో చుట్టి విడిగా ఇచ్చింది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ సైనికుణ్ణి చేసుకోవచ్చు" అంది.

డబ్బు ఎంతని అడిగితే చెప్పిన మొత్తం విని, మా బంపరు సొట్టకు ఇంతకంటే ఎక్కువవుతుందే అనుకున్నాను. అయింది కూడా.

చెవులకు కప్పులు పెట్టుకుని పొలంలోకి నడిచాం. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. మట్టిదిబ్బకు ఘిస్లేన్ పాత కేకు పళ్ళెం ఆనించింది. సుజాత తుపాకీ ఎత్తింది. ఈసారి మెడ సాగలేదు. చెంప చెక్కమీద చక్కగా వాలింది. మామగారు చెప్పినట్టు భుజంలోకి ఒత్తి పట్టుకుంది.

మొదటి గుండుకు నేను కూర్చుండిపోయాను. పళ్ళెం మాత్రం కదల్లేదు. పక్కన మట్టి లేచింది.

"ఎడమకి" అంది ఘిస్లేన్. "ట్రిగ్గర్ లాగావు. లాగకు, నొక్కు. నిమ్మకాయ పిండినట్టు."

రెండోది కూడా మట్టికే. సుజాత తుపాకీ దించి భుజం రుద్దుకుంది. నా వైపు చూడలేదు. ఏడాదిగా చదివిన చదువు, ఇంత తిరుగుడు, అందరి నవ్వులు, అన్నీ ఆ భుజం మీద ఉన్నాయని నాకు తెలుస్తోంది. ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమన్నా తప్పే అవుతుందనిపించి నోరు మూసుకున్నాను. పెళ్ళయ్యాక నేను చేసిన తెలివైన పనుల్లో అదొకటి.

ఆమె గాలి పీల్చి, సగం వదిలి, ఆగింది. పళ్ళెం టంగుమని ఎగిరిపడింది. తర్వాతిదీ తగిలింది. ఆ తర్వాతిదీ.

ఘిస్లేన్ ఆమె రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది. నాకు కూడా పెట్టింది, నేనేం చేశానో తెలియదు.

తిరుగు దారి

పవాసన్ దగ్గర, నర్సులు తీసుకునే చెక్క ఇల్లు ఎక్కడో చూపిస్తానని సుజాత నన్ను హైవే దింపి మట్టిరోడ్డులోకి తిప్పింది. రెండువైపులా దేవదారు చెట్లు, మధ్యలో మంచు. నేను మెల్లిగానే పోతున్నాను. అయినా హఠాత్తుగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది.

రోడ్డు మధ్యలో దుప్పి.

కొమ్ములున్నది. ముక్కులోంచి పొగ వస్తోంది. పారిపోలేదు. మా బానెట్‌కు నాలుగడుగుల దూరంలో నిలబడి, తడి కళ్ళతో నేరుగా సుజాతను చూసింది. సుజాత ఊపిరి బిగబట్టింది. చెయ్యి నా మోచేతి మీద పడింది. ఏళ్ళ తరబడి కంచె వెనక, ఫొటోల్లో, పరీక్ష పుస్తకంలో చూసిన జంతువు అంత దగ్గరగా, అంత అందంగా నిలబడి ఉంటే నేనే హారను మీంచి చెయ్యి తీసేశాను. ఇక తుపాకీ సంగతి అంతే అనుకున్నాను. డిక్కీలోని పెట్టె ఇంటికెళ్ళాక అటకెక్కుతుంది. మంచిదే, ఈ మూడు రోజుల తిరుగుడు వృథా పోలేదు, మనుషుల్ని చూశాం, చాలు అని మనసులోనే ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

దుప్పి తీరిగ్గా తల తిప్పి, తెల్లటి తోక ఎత్తి, చెట్లలోకి నడిచి వెళ్ళిపోయింది. నేను ఇంజను ఆపేశాను.

"మురళీ" అంది చివరికి, చాలా మెత్తగా. "దాన్ని చూసినవా?"

"చూశాను" అన్నాను, ఆమె చెయ్యి నిమురుతూ.

"మంచిగ బలిసింది" అంది. "సీజను దాక ఈడనే ఉంటదంటవా?"